కార్డు వెనక ఇద్దరు

బాపట్లలో నా రక్తపరీక్షల ల్యాబులో, రిపోర్టులు ఇచ్చే బల్ల మీద ఒక ఇత్తడి గంట ఉంటుంది. నెత్తి మీద బొత్తాం నొక్కితే మోగే రకం. లోపల మైక్రోస్కోపు మీద వంగి ఉన్న నన్ను బయటికి పిలవడానికి దాన్ని పెట్టాను. వచ్చినవాళ్లు మర్యాదగా ఒకసారి నొక్కి ఊరుకుంటారు. మొన్న గురువారం నగరం అనే ఊరి నుంచి వచ్చిన కోటయ్య గారనే సైకిలు షాపు పెద్దాయన మాత్రం, బస్సుకు వేళవుతోందన్న తొందరలో కాబోలు, వెంటవెంటనే రెండుసార్లు నొక్కారు. ఆ రెండో మోత చెవిన పడేసరికి నా ముఖం వేడెక్కిపోయింది. యాభై దాటిన దాన్ని, సొంత ల్యాబులో నిలబడి, పదిహేడేళ్ల పిల్లలా సిగ్గుతో తల వంచుకున్నాను. ఆయన చేతికి కాగితం ఇచ్చి పంపేశాను గాని, నా ధ్యాస అక్కడ లేదు. తెనాలిలో ఒక కల్యాణ మండపం వేదిక మీద, మూడూళ్ల జనం ముందు ఉంది.

ఆ గంట జ్ఞానప్రకాశం గారిది. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు కనుక చెబుతాను. సన్నగా, కాస్త ముందుకు వంగిన మనిషి. నేను రేపల్లెలో దర్జీ కూతుర్ని. మనిషిని ముఖంతో కాక చొక్కాతో గుర్తుపెట్టుకోవడం నాకు చిన్నప్పటి జబ్బు. ఆయన చొక్కాలన్నీ మా నాన్న కుట్టినవే. అన్నీ తెల్లవి, అన్నిటికీ రెండు జేబులు. ఎడమ జేబులో కలం, కుడి జేబులో పేకముక్కల్లా కట్టకట్టిన కార్డులు. ఇల్లు తెనాలిలో, పని రేపల్లెలో. రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట చిన్న బల్ల వేసుకుని దస్తావేజులు రాసేవారు. పొద్దున రైలుబండిలో వచ్చి సాయంత్రం బండిలో వెళ్లేవారు. ఇది ఆయన కడుపు నింపిన పని. మూడూళ్లలో ఆయన పేరు తెలియనివాళ్లు లేకపోవడానికి కారణం మాత్రం క్విజ్.

ఎనభైల్లో మాట. మొదట్లో ఆయన తెనాలి చర్చి యువజనులకు బైబిలు క్విజ్ పెట్టేవారట. పదిమంది వచ్చేవారట, అందులో ముగ్గురు కునుకు తీసేవారట. అప్పుడే ఇళ్ల మీద ఏంటెన్నాలు మొలుస్తున్నాయి. ఒక ఏడాది ఆయన టీవీ సీరియళ్ల మీద, ఆటగాళ్ల మీద ప్రశ్నలు కలిపారు. హాలు చాలలేదు. అక్కణ్ణుంచి అది తెనాలి, బాపట్ల, రేపల్లె కాలేజీ పిల్లల మధ్య మూడూళ్ల పోటీ అయింది. ఒప్పయితే గంట ఒకసారి, తప్పయితే రెండుసార్లు. రేపల్లె వాళ్లం ఒకసారి గొడవ పెట్టుకున్నాం కూడా, మా ఊళ్లో ఉన్నవన్నీ తెలుపు నలుపు టీవీలు, చీర రంగు అడిగితే మేమెక్కడ చెబుతామని. ఆయన సావధానంగా విని, రంగుల ప్రశ్నలన్నీ తీసి పక్కన పెట్టేశారు.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. కార్డు ముందువైపు ప్రశ్న. వెనకవైపు జవాబు, దాని కింద రెండు గీతలు, ఆ గీతల మీద ఇద్దరి పేర్లు. ఆ ఇద్దరూ దాన్ని తమ కళ్లతో చూసినవాళ్లై ఉండాలి. ఒకే ఇంటివాళ్లు కాకూడదు, ఒకే టీవీ ముందు కూర్చుని ఉండకూడదు. ఎందుకండి ఇంత అని ఎవరో అడిగితే, “రెండు సెంట్ల దొడ్డి అమ్మాలంటేనే ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి కదండి. ఇంతమంది ముందు ఇది నిజమని గంట కొట్టి చెప్పడానికి ఒక్కరి మాట ఎలా సరిపోద్ది?” అన్నారు.

ఆ పద్ధతి నడిచే తీరు నేను రైల్లో చూశాను. దారం, లైనింగు గుడ్డ కొనడానికి నాన్న తెనాలి వెళుతూ నన్ను వెంట తీసుకెళ్లాడు. సోమవారం సాయంత్రం బండి. ఎండుచేపల గంపతో మంగమ్మ అనే ఆమె తలుపు దగ్గర కూర్చుని ఉంది. ఎదురుగా ఒక బడి మాస్టారు. వాళ్ల మధ్య జ్ఞానప్రకాశం గారు, కలం తీసి పట్టుకుని.

“మంగమ్మా, నిన్న సీరియల్లో పోస్టుమాస్టరు కూతురు ఇల్లొదిలి వెళ్లిందా, లేదా?”

“ఎళ్లిందండి. గుమ్మం దాకా ఎళ్లి ఒకసారి ఎనక్కి చూసిందండి.”

“ఏ భుజం మీంచి?”

మంగమ్మ గంప పక్కకి జరిపి, లేచి నిలబడి, కొంగు సర్దుకుని, కదులుతున్న పెట్టెలో నాలుగడుగులు వేసి తిరిగి చూసింది. “ఇదిగో, ఇట్టా. ఎడం భుజం మీంచి.”

“గుమ్మంలో కాదండి, మెట్ల మీద,” అన్నారు మాస్టారు. “భుజం మాత్రం ఎడమే. ఏడుస్తోంది కూడా.”

“ఏడవలేదండి. ఏడిత్తే నాకు తెలవదాండి?”

ఆ సీరియల్ హిందీలో వచ్చేది. మంగమ్మకు హిందీ రాదు, మాస్టారికి వచ్చినదీ అంతంతే. అయినా ఆ పెట్టెలో ఆ పిల్ల ఏడ్చిందా లేదా అని జంపని స్టేషను దాకా వాదన నడిచింది, పెట్టెలో సగంమంది తలో మాటా వేశారు. ఆయన ఎవరినీ తీసిపారేయలేదు. భుజం మాట రాసుకున్నారు, ఏడుపు మాట వదిలేశారు. నేను నాన్న చెవిలో అడిగాను: “ఈయనకేంటి నాన్నా, ఇంట్లో టీవీ చూడరా?” నాన్న నవ్వి, “అంత క్విజ్ పెట్టేవారు చూడకుండా ఉంటారేంటే? చూసింది సరిచూసుకుంటున్నారు” అన్నాడు.

మా ఇంట్లో టీవీ లేదు. మా వీధిలో ఎరువుల కొట్టు వాళ్లింట్లో చూసేదాన్ని. ఊరికే చూడనిస్తారా, మ్యాచి అయ్యాక చాపలు దులిపి చుట్టిపెట్టడం నా వంతు. నాకది కష్టంగా ఉండేది కాదు, ఎందుకంటే అందరూ లేచి వెళ్లాక, టీవీ కట్టేసేలోపు ఆ రెండు నిమిషాలూ అది నా ఒక్కదాని సొంతం. ఒక ఆదివారం మనవాళ్లు మ్యాచి గెలిచారు. అందరూ కేకలు వేసుకుంటూ వీధిలోకి వెళ్లిపోయారు. నేను చాప చుడుతూ తలెత్తి చూస్తే, ఎడమచేత్తో బంతులు వేసి మ్యాచి గెలిపించిన పొడుగాటి బౌలరు, కంచె పక్కన చేరిన పిల్లలకు సంతకాలు పెడుతున్నాడు. కుడిచేత్తో. చుడుతున్న చాప అలాగే పట్టుకుని చూస్తూండిపోయాను. అంతలో ఎవరో వచ్చి టీవీ కట్టేశారు.

ఆ ఏడాది మూడూళ్ల పోటీకి రేపల్లె తరఫున నేనూ, ఇంటరులో నా పక్కన కూర్చునే వనజా వెళ్లాం. ఆఖరికి మేమూ, బాపట్ల జట్టూ సమానంగా నిలిచాం. ఇంకొక్క ప్రశ్న. రెండు జట్లూ చీటీ మీద జవాబు రాసి ఇవ్వాలి. జ్ఞానప్రకాశం గారు కార్డు తీసి, ఆ బౌలరు పేరు చెప్పి (నేనిక్కడ చెప్పను, పాపం ఇందులో ఆయన తప్పేమీ లేదు), అభిమానులకు సంతకం ఏ చేత్తో పెడతాడు అని అడిగారు. నా గుండె ఎగిరి గంతేసింది. వనజ “ఎడమచేత్తో” అంది. నేను కలం లాక్కుని ‘కుడి’ అని రాశాను. చీటీలు అందాయి. మా చీటీ చదివి ఆయన గంట రెండుసార్లు నొక్కారు. బాపట్ల వాళ్ల చీటీకి ఒకసారి.

నేను లేచి నిలబడ్డాను. అలా నిలబడకూడదని నాకు తెలుసు. “నేను చూశానండి,” అన్నాను.

“ఎవరితో కలిసి చూశావమ్మా?”

“నేనొక్కదాన్నేనండి.”

వెనక వరసలో ఎవరో “కలలో చూసుంటుందిలే” అన్నారు. హాలంతా నవ్వింది. రెండు వందల మంది ఉంటారేమో, నాకు మాత్రం రెండు వేలమంది నవ్వినట్టనిపించింది. ఆయన నవ్వలేదు. “కార్డు మీద ఎడమనే ఉందమ్మా. కూర్చో” అన్నారు, మెత్తగానే. ఆ మెత్తదనానికి ఇంకా మండింది నాకు. తిరుగు బండిలో వనజ నాతో మాట్లాడలేదు. దిగేముందు మాత్రం, “నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటావు” అంది.

మర్నాటి నుంచి కాలేజీలో నా పేరు కుడిచెయ్యి. హాజరు పిలిచినప్పుడు వెనక బెంచీ వాళ్లు కుడిచేతులెత్తి ‘ప్రెజెంట్ సార్’ అనేవాళ్లు. నవ్వులపాలవడం ఒక ఎత్తు. అసలు బాధ అది కాదు. నాలుగైదు రోజులకు నాకే అనుమానం మొదలైంది. చాప చుడుతూ చూశాను కదా, సరిగ్గా చూశానా? అనుకున్నదే చూశాననుకుంటున్నానా? కళ్లు మూసుకుని ఆ దృశ్యం తెచ్చుకుంటే, ఒకసారి కుడిచెయ్యి, ఒకసారి ఎడమచెయ్యి. నా కళ్లనే నేను నమ్మలేకపోతే ఇక చదివి ఏం చేస్తాను అనిపించింది. బాపట్ల వెళ్లి ల్యాబు చదువు చదవాలని అప్పటిదాకా ఇంట్లో పోరుపెట్టిన దాన్ని, ఒక ఉదయం పుస్తకాలు అటక మీద పడేసి, “నాన్నా, నాకు కాజాలు కుట్టడం నేర్పు. నేనింక కాలేజీకి పోను” అన్నాను. అమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది. “ఎవడో ఆటగాడు ఏ చేత్తో రాస్తే మనకేంటే? దాని కోసం చదువు మానేస్తావా?” నాన్న సూది దారం నా చేతికిచ్చాడు.

పది రోజులైంది. నేను కొట్లో కూర్చుని కాజాలు కుడుతున్నాను. జ్ఞానప్రకాశం గారు వచ్చారు. నేను కాలేజీ మానేశానని ఎవరు చెప్పారో తెలియదు. చేతిలో ఆటల పత్రిక ఒకటి ఉంది. నా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, “అమ్మాయ్, నేను నీతో దెబ్బలాటకు రాలేదు. పొరపాటు ఎవరికైనా జరుగుద్ది. ఇదిగో చూడు, చూస్తే నీ మనసు కుదుటపడుద్ది” అని పత్రిక తెరిచారు. ఒక హోటలు మెట్ల మీద గళ్ల చొక్కాలో ఆ బౌలరు, చుట్టూ పిల్లలు. ఎడమచేత్తో సంతకం పెడుతున్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అయితే నేను చూడలేదన్నమాట.

మిషను మీంచి నాన్న మెడ చాచి చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

“ప్రకాశం గారండి, ఈ చొక్కా ఎవరు కుట్టారండి?”

“అదేంటి సుబ్బారావు గారూ?”

“మగవాళ్ల చొక్కాకి కాజాలు ఎడం పక్కనుంటాయండి, గుండీలు కుడిపక్క. ఇక్కడ తిరగబడింది చూడండి. జేబు కూడా కుడిపక్కన కుట్టారు. అంత పేరున్న మనిషి ఇట్టాంటి చొక్కా వేసుకుంటాడాండి? మా వీధిలో తీసుకోరండి దీన్ని.”

నా చేతిలో అప్పుడు సరిగ్గా మగవాళ్ల చొక్కా ఎడమ పట్టీయే ఉంది. పది రోజులుగా అదే కుడుతున్నాను. ఎందుకో తెలియదు, లేచి గోడకున్న అద్దం తీసుకొచ్చి ఆ బొమ్మ పక్కన పెట్టాను. అద్దంలో జేబు ఎడమవైపుకి వచ్చింది. కాజాలు ఎడమవైపుకి వచ్చాయి. కలం కుడిచేతిలోకి వచ్చింది. అచ్చు వేసేటప్పుడు ఎవరో ఫోటోను తిరగేసి వేశారు, అంతే. జ్ఞానప్రకాశం గారు తన గుండెల మీద రెండు జేబులూ తడుముకున్నారు. రెండు జేబుల చొక్కా వేసుకునే మనిషికి జేబు ఎటువైపు ఉండాలో ఎక్కడ గుర్తుంటుంది.

ఆయన కుడి జేబులోంచి ఆ కార్డు తీసి వెనక్కి తిప్పారు. మొదటి గీత మీద ఆ పత్రిక పేరు. రెండో గీత ఖాళీ.

“పోటీ దగ్గరికొచ్చిందని తొందరపడ్డానమ్మా. రెండోది తరవాత రాద్దాంలే అనుకున్నాను. ఐదేళ్లలో ఇదొక్కటే.” కార్డు నా ముందు పెట్టి, “ఇప్పుడు ఈ కాగితం మాట చెల్లదు. ఇద్దరు సాక్షులు కావాలి. ఒకరు నువ్వు. ఇంకొకరు కావాలి” అన్నారు.

నాకు కోపం వచ్చింది. “అద్దంలో కనపడింది కదండి. నేను చూశానని చెబుతున్నాను కదండి. ఇంకా ఎవరు చెప్పాలండి?”

“నిన్ను నమ్మాను కాబట్టే అమ్మా ఇంకొకరిని వెతికేది. నమ్మకపోతే ఇంటికి పోయి పడుకునేవాణ్ణి.”

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. మూడు వారాలు ఆయన ఆ బండిలో ప్రతి పెట్టే ఎక్కి దిగారని తరువాత మంగమ్మ చెప్పింది. “ఆ ఆదివారం మ్యాచి అయిపోయాక టీవీ కట్టకుండా ఉంచినవాళ్లు ఎవరైనా ఉన్నారాండి” అని అడగడం, ఏ చెయ్యి అన్న మాట మాత్రం ఎత్తకపోవడం. ఎత్తితే సాక్ష్యం చెడిపోతుందట. జనం నవ్వారు. గెలిచాక ఇంకా టీవీ ముందు ఎవరు కూర్చుంటారండి, పెద్దాయనకు మతి తప్పింది, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్నారు. ఆయన మర్నాడు ఇంకో పెట్టె ఎక్కేవారు. చివరికి భట్టిప్రోలులో ఎక్కే ఒక గుమాస్తా, “మా ఇంట్లో టీవీ కట్టడం మర్చిపోయామండి, మా మామ్మ ఉంది గదిలో” అన్నాడు.

ఆయన ఒకసారి ఒంటరిగా వెళ్లి అడిగి వచ్చి, రెండోసారి నన్నూ నాన్ననీ వెంట తీసుకెళ్లారు. సావిత్రమ్మ గారు ఆ మామ్మ పేరు. కాళ్లు పడిపోయి మంచానికే అంటిపెట్టుకుని ఏళ్లయింది. టీవీ ఉన్న గదిలోనే మంచం. ఇంట్లోవాళ్లు పెడితే చూడాలి, కట్టేస్తే మానాలి.

“మావాళ్లంతా అరుసుకుంటా బయటికి పోయారు. నేనెక్కడికి పోను?” అందావిడ. “ఆ పొడుగుపిల్లాడు పిల్లలకి కాయితాల మీద రాసిచ్చాడు. కుడిచేత్తో. నేనప్పుడే అనుకున్నా, బంతేమో ఎడంచేత్తో వేత్తన్నాడు, అన్నం ఏ చేత్తో తింటాడో, వాళ్లమ్మ ఎట్టా అలవాటు చేసిందో అని. ఎవరన్నా వత్తే అడుగుదామనుకున్నా. ఎవరూ అడగలా. ఈ బాబొచ్చి అడిగాడు.”

నేను ఆవిడ మంచం పక్కనే నేల మీద కూలబడి ఏడ్చాను. మేమిద్దరం ఎన్నడూ కలవలేదు. ఒకటే నిమిషంలో, ఒకరు చాప చుడుతూ, ఒకరు లేవలేక, ఎవరూ చూడని ఆ ఒక్క చెయ్యినే చూశాం. ఆవిడ నా తల మీద చెయ్యి వేసి, “ఎందుకే ఏడుత్తావు, అది ఎడంచెయ్యి అంటన్నావా నువ్వు?” అంది. నాన్న గట్టిగా నవ్వాడు. మర్నాడు నేను అటక మీంచి పుస్తకాలు దింపాను.

ఆయన అక్కడితో ఆపి ఉంటే నేను ఇది రాసేదాన్ని కాదు. మూడూళ్లకు పోస్టుకార్డులు రాశారు. తప్పు ఎక్కడ చెప్పామో అక్కడే దిద్దాలి, నవ్వినవాళ్ల ముందే దిద్దాలి అన్నారట. ఒక ఆదివారం మధ్యాహ్నం తెనాలిలో అదే మండపం. పోటీనాటి జనం రాలేదు, సగం కుర్చీలు ఖాళీ. కాని వెనక వరస వాళ్లు వచ్చారు, బాపట్ల జట్టు కప్పు పట్టుకుని వచ్చింది, వనజ వచ్చింది. జ్ఞానప్రకాశం గారు ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కూర్చోలేదు. మేం జవాబులు చెప్పే చోటికి వచ్చి, మైకు ముందు పిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డారు. బల్ల అవతల ఆయన కుర్చీ ఖాళీగా ఉంది.

“ఆ రోజు ఈ హాల్లో ఒక అమ్మాయి నిజం చెప్పిందండి. అది తప్పని నేను గంట కొట్టాను. ఆ అమ్మాయి తప్పు చూడలేదు. నేనే అసలు చూడలేదు. సాక్షి లేకుండా కార్డు రాశాను. మీ అందరి చేతా తప్పుడు నవ్వు నవ్వించాను. అది కూడా నా లెక్కలోనే రాసుకోండి.”

అని, వంగి, గంట రెండుసార్లు నొక్కారు. తనకు తానే.

ఇన్నేళ్లలో పెద్దపెద్ద వాళ్లను చూశాను, సన్మానాలు చూశాను. ఆ ముందుకు వంగిన మనిషి ఆ గంట నొక్కిన క్షణంలో ఎత్తు పెరిగినట్టు నాకు కనిపించింది, ఒట్టు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బాపట్ల జట్టు కుర్రాడు వచ్చి కప్పు మా బల్ల మీద పెట్టాడు. వనజ దాన్ని తీసుకుని, నా వైపు చూడకుండా, “ఎక్కువ పొంగిపోకు, సగం నాది” అంది. నెలన్నర తరువాత అది నాతో మాట్లాడిన మొదటి మాట.

ఆ సాయంత్రం బండికి ఇంకా వేళ ఉందని ఆయన నన్నూ, నాతో వచ్చిన నాన్ననీ ఇంటికి తీసుకెళ్లారు. రెండు గదుల ఇల్లు. బల్ల మీద రేడియో, గోడకు సిలువ, మూలన నీళ్లబిందె. నేను టీవీ కోసం చుట్టూ చూశాను. లోపలి గదిలో ఉందేమో అనుకున్నాను. అంతలో ఆయన భార్య ఎస్తేరమ్మ గారు గోడ తడుముకుంటూ వచ్చారు. ఆవిడకు చూపు లేదు. పెళ్లయిన ఆరేళ్లకు జ్వరం వచ్చి పోయిందట.

“వచ్చిందా ఆ పిల్ల?” అన్నారు. “ఏదీ, చెయ్యి ఇలా ఇయ్యి. నీ మూలాన ఈయన నాలుగు వారాలు అన్నం సరిగా తినలేదు.”

“పిన్నిగారూ, మీ ఇంట్లో టీవీ లేదాండి?” అని అడిగేశాను. నాన్న నా మోచెయ్యి గిల్లాడు.

“ఎందుకమ్మా? నేను చూడలేనిది ఆయనొక్కరే చూస్తారా? వద్దన్నారు. రోజూ బండిలో జనాన్ని అడిగొచ్చి సాయంత్రం నాకు చెబుతారు. నాకు కథ చాలదు. ఆ పిల్ల వెనక్కి చూసిందంటే, ఏ భుజం మీంచి అని అడుగుతాను. అది తెలిస్తేనే నాకు బొమ్మ కనపడుద్ది. తెలీదంటే మర్నాడు కనుక్కొచ్చి చెప్పాలి. ఆ సంతకం సంగతి కూడా నేనే అడిగాను. ఎడమచేత్తో బంతేసేవాడు ఏ చేత్తో రాస్తాడండీ అని. ఎడమ అని చెప్పారు. తప్పని తెలిసిన రోజు ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, ముందు నాకు చెప్పారు. నాలుగు వారాలు నీకు తప్పు బొమ్మ చూపించానే అని.”

జ్ఞానప్రకాశం గారు వాకిట్లో నిలబడి, ఇదేదో వేరేవాళ్ల సంగతైనట్టు వీధి వైపు చూస్తున్నారు. ఐదేళ్లుగా మూడూళ్ల పిల్లలం బుర్రలు బద్దలు కొట్టుకున్న ప్రశ్నలన్నీ చూపులేని ఒక ఇల్లాలు అడిగినవి. గుమ్మానికి మెట్లెన్ని, పరుగుపందెం మొదలయ్యే ముందు మన దేశం అమ్మాయి ఏం చేసింది, వార్తలు చదివే ఆవిడ పాపిడి ఎటు తీసింది. ఇవన్నీ పనికిమాలిన ప్రశ్నలని మా అమ్మ అనేది, నేనూ లోలోపల అనుకునేదాన్ని. ఆ రోజు తరువాత అనుకోలేదు. తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చుని, స్టేషన్లో దిగిన ప్రతి మనిషీ ఏ కాలు ముందు పెట్టాడో చూస్తూ వచ్చాను.

ఆ పై ఏడాది నుంచి కార్డుల వెనక పేర్లు సరిచూసే పని నాకు అప్పగించారు. బాపట్లలో ల్యాబు చదువు చదువుతున్నప్పుడు కూడా వీలైన శనివారాలు తెనాలి వెళ్లేదాన్ని. తొంభైల్లో ఇంటింటికీ కేబులు వచ్చింది, ఒక్కొక్కరు ఒక్కో ఛానలు చూడసాగారు, ఒకే సంగతి చూసిన ఇద్దరిని వెతకడం గగనమైంది. పోటీ ఆగిపోయింది. ఆయన బాధపడలేదు. “ఎస్తేరుకి చెప్పడానికి ఒక్క సాక్షి చాలులే ఇప్పుడు, నువ్వు చెబుతున్నావుగా” అన్నారు. ఆ దశాబ్దం చివర ఆయన పోయారు. ఎస్తేరమ్మ గారు గంట తీసి నా ఒళ్లో పెట్టారు, దాంతో పాటు ఆ కార్డు కూడా. వెనక ‘ఎడమ’ కొట్టేసి ‘కుడి’ అని ఉంది. పత్రిక పేరు కొట్టేసి, మొదటి గీత మీద నా పేరు. రెండో గీత మీద సావిత్రమ్మ గారు, భట్టిప్రోలు. ఆ తరువాత ఏడేళ్లు, ఎస్తేరమ్మ గారు ఉన్నన్నాళ్లూ, నెలకొకసారి వెళ్లి నేను చూసినవన్నీ చెప్పేదాన్ని. నా కళ్లు ఇంత పని నేర్చుకున్నది ఆవిడ దగ్గరే. మైక్రోస్కోపు కింద ఏదైనా కనిపిస్తే రెండోసారి మరో చుక్క తీసి చూడందే సంతకం పెట్టను.

అని గొప్పలు చెబుతున్నాను గాని, మొన్న గురువారం కోటయ్య గారు గంట రెండుసార్లు నొక్కినప్పుడు, ధ్యాస తెనాలిలో పెట్టుకుని, ఆయన చేతికి ఇంకొకరి కాగితం ఇచ్చి పంపాను. శనివారం సాయంత్రం చీటీలు సర్దుతుంటే బయటపడింది. ఆ రెండో మనిషి బాపట్లలోనే ఉన్నారు, అప్పుడే వాళ్లింటికి వెళ్లి షుగరు ఉందని చెప్పి, డాక్టరు దగ్గరికి పంపాను. కోటయ్య గారికి ఫోను చేస్తే సరిపోయేది. నా దగ్గర పనిచేసే అమ్మాయి అదే అంది. కాని ఆయన ఈపాటికి తనకు షుగరు వచ్చిందని ఊరంతా చెప్పుకుని ఉంటారు. చెప్పినచోటే దిద్దాలి. ఆదివారం పొద్దున్నే నగరం బస్సెక్కాను.

సైకిలు షాపు ముందు బెంచీ మీద నలుగురు కూర్చుని ఉన్నారు. కోటయ్య గారు దిగాలుగా చక్రం బిగిస్తున్నారు. ఆ నలుగురికీ వినపడేలా, “మీకు షుగరు లేదండి. నేనే వేరేవాళ్ల కాగితం మీకిచ్చాను. తప్పు నాదండి” అన్నాను. బెంచీ మీద ఒకాయన, “ఈ ముక్క చెప్పడానికి బస్సెక్కి వచ్చావా అమ్మా?” అన్నాడు. కోటయ్య గారు చేతికంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ నన్నే చూస్తూ నిలబడ్డారు. లోపల్నించి ఆయన భార్య అన్నీ విన్నట్టుంది. కాసేపటికి రెండు గ్లాసుల కాఫీ తెచ్చి, మా ఇద్దరి ముందూ పెట్టింది. “మూడు రోజులైందమ్మా ఈయన పంచదార వేసిన కాఫీ తాగి,” అంది.

కోటయ్య గారు గ్లాసు అందుకున్నారు. ఎడమచేత్తో. ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని, గ్లాసు కుడిచేతిలోకి మార్చుకుని, రెండో గుక్క తాగారు. నేను రెప్పవేయకుండా చూశాను. తిరుగు బస్సులో కూర్చున్నాక, ఇది ఎవరికి చెప్పాలో తెలియక, చాలాసేపు ఏడ్చాను.